ఆసు పోసిన చేయి: తెర మీదికెక్కిన మన జిల్లా కథ

ఫ్యాషన్ చరిత్ర అనగానే పారిస్, ముంబయి, ఎత్తయిన వేదిక మీద నడిచే మోడళ్లు గుర్తుకొస్తారు. హుజూర్‌నగర్ హాస్టల్ విద్యార్థులకు ఆ చరిత్రతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. పని ఉంది. చీర తయారీని మలుపు తిప్పిన ఒక ఘట్టం మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే, ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన ఒక చేనేత కుటుంబం నుంచి వచ్చింది. దాని మీద 2019 జూన్ 21న ఒక సినిమా విడుదలైంది. పేరు 'మల్లేశం'. దర్శకుడు రాజ్ రాచకొండ. మల్లేశంగా ప్రియదర్శి, తల్లి లక్ష్మిగా ఝాన్సీ, భార్యగా అనన్య నాగళ్ల నటించారు. ఆ సినిమా గురించి, అంతకంటే ఎక్కువగా అందులోని ఆసు గురించి, ఈ సంచికలో నాలుగు మాటలు రాయాలనుకున్నాం.

ఇంతకీ ఆసు అంటే ఏమిటి? మాలో చాలామందికి సినిమా చూసేదాకా ఆ మాటే తెలియదు. అచ్చు చీరలో బట్ట నేసిన తర్వాత దాని మీద బొమ్మ వేస్తారు. పోచంపల్లి చీరలో అలా కాదు, నేయక ముందే బొమ్మ దారంలోకి ఎక్కుతుంది. ఎక్కడ ఏ రంగు రావాలో ముందే లెక్క కట్టి, రంగు అంటకూడని చోట దారాల్ని రబ్బరు పట్టీలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. పట్టీ విప్పితే అక్కడ పాత రంగే ఉంటుంది. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు కట్టాలి, ముంచాలి, విప్పాలి. దీన్నే చిటికి అంటారు. ప్రపంచం ఇక్కత్ అంటుంది.

కట్టాలంటే ముందు పేక దారాన్నంతా చీర పన్నాకు సరిపోయే కొలతలో వరుసగా పరుచుకోవాలి కదా. ఆ పరిచే పనే ఆసు పోయడం. ఒక కొయ్య చట్రం ఉంటుంది. ఒక కొసన ఒక పుల్ల, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మరికొన్ని పుల్లలు. దారాన్ని చేత్తో పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పుతూ, ఒక పుల్ల అయ్యాక పక్క పుల్లకు మారుతూ పోవాలి. చేయి ప్రతిసారీ సుమారు మీటరు దూరం సాగుతుంది. ఒక్క చీరకు ఇలా దాదాపు 9,000 సార్లు. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు. మధ్యలో లెక్క తప్పితే బొమ్మ తప్పుతుంది, కనుక మనసు కూడా అటూ ఇటూ పోకూడదు. ఒక చీరకు నాలుగైదు గంటలు పట్టేది.

మగ్గం మీద కూర్చున్న మగవాడి పేరు చీరతో పాటు బయటికి వచ్చేది. ఆసు ఇంట్లో ఆడవాళ్ల పని. దానికి పేరూ లేదు, చాలా ఇళ్లలో వేరుగా కూలీ లెక్కా లేదు. 1950వ దశకంలో పోచంపల్లి నుంచి ఇద్దరు యువ నేతకార్మికులు కాశీ వెళ్లి పట్టునేత నేర్చుకొని వచ్చాక, అప్పటిదాకా నూలుకే పరిమితమైన ఈ పద్ధతి పట్టుచీరలకూ పాకింది. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పేరు పెరిగిన కొద్దీ ఆసు ముందు కూర్చునే గంటలూ పెరిగి ఉంటాయి. ఆ సంగతి మాత్రం ఏ చీర పెట్టె మీదా రాయలేదు.

చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడుతూనే ఆసు పోసేవారు. హైస్కూలు చదువు పూర్తికాకుండానే బడి మానేసి నేత పనిలో దిగిన కొడుకు, ఈ పనిని యంత్రం చేయలేదా అని ఆలోచించడం మొదలుపెట్టాడు. అది 1992. పని మూడు ముక్కలు: దారాన్ని అటూ ఇటూ తీసుకుపోవాలి, చుట్లు లెక్కపెట్టాలి, లెక్క కాగానే పక్క పుల్లకు జరగాలి. చేయి ఆలోచించకుండా చేసే ఈ మూడింటినీ ఇనుముతో చేయించడానికి ఏడేళ్లు పట్టింది. అప్పులయ్యాయి, ఊళ్లో పిచ్చివాడన్నారు. ఆయన హైదరాబాద్ వెళ్లి కరెంటు పని చేస్తూ డబ్బు కూడబెట్టి మళ్లీ యంత్రం మీదే పెట్టారు. అక్కడ ఒక వర్క్‌షాపులో వేరే యంత్రం కదలికను చూసి, తనకు ఆగిపోయిన చివరి చిక్కు విప్పుకున్నారు. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మి ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. భుజం కదపక్కర్లేదు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

'మల్లేశం' డాక్యుమెంటరీ కాదు, కథాచిత్రం. పాటలున్నాయి, ప్రేమ ఉంది, నాటకీయత కోసం కలిపినవీ ఉంటాయి. అయినా ఆసు పోసే దృశ్యాల్లో ఆ సినిమా తొందరపడలేదు. ఒకే కదలిక మళ్లీ మళ్లీ చూపిస్తుంటే చూసేవాడి భుజమే లాగినట్లవుతుంది. సినిమా మొత్తంలో మాకు అన్నిటికంటే నచ్చినది అదే. చిత్రంలోని మన తెలంగాణ మాట కూడా హాస్యానికి వాడుకున్నది కాదు, మనుషులు మాట్లాడుకునే మాట.

ఇలాంటి పని డాక్యుమెంటరీలూ చేశాయి. 1973 నవంబర్ 28న ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనంలో, ఆ భవనం మరమ్మతుల నిధి కోసం, ఐదుగురు ఫ్రెంచి డిజైనర్లు, ఐదుగురు అమెరికన్ డిజైనర్లు ఒకే రాత్రి తమ దుస్తులు ప్రదర్శించారు. గెలుపు ఫ్రాన్స్‌దే అనుకున్నవాళ్లు అమెరికన్ల ప్రదర్శన చూసి లేచి నిలబడ్డారు. అందుకు పెద్ద కారణం వాళ్లతో వచ్చిన నల్లజాతి మోడళ్లు. తర్వాత డిజైనర్ల పేర్లు నిలిచాయి, ఆ అమ్మాయిల పాలు మరుగున పడింది. 2012లో డెబొరా రైలీ డ్రేపర్ అనే దర్శకురాలు వాళ్ల చేతే ఆ రాత్రి కథ చెప్పించి డాక్యుమెంటరీ తీశారు. వెర్సాయ్‌కీ శారాజీపేటకూ పోలిక లేదు. కానీ రెండు సినిమాలూ కెమెరాను పేరున్న చోటి నుంచి పేరులేని చోటికి తిప్పాయి.

ఒక మాట మాత్రం తమ్ముళ్లకు చెప్పాలి. పెద్ద చదువు లేకున్నా యంత్రం చేశాడని మెచ్చుకోవడం చాలాసార్లు వింటాం. చదువు లేకపోవడం ఆయనకు కలిసిరాలేదు, పేదరికం వల్ల దూరమైంది. గేర్లు, మోటారు గురించి చెప్పే మాస్టారు పక్కన ఉంటే ఏడేళ్లు పట్టేదా అనేది మా అనుమానం. బడి మానేద్దామనుకునే వాళ్లు ఈ సినిమాను సాకుగా చూపకండి.

ఆసు యంత్రంతో కష్టాలన్నీ తీరలేదు. చిటికి కట్టడం ఇంకా చేతి పనే. పైగా ఇక్కత్ బొమ్మను మిల్లు బట్ట మీద అచ్చు వేసి పోచంపల్లి పేరుతో అమ్ముతున్నారు. తేడా పట్టడం తేలికే. బట్ట తిరగేసి చూడండి. అచ్చు బట్టకు సాధారణంగా వెనక రంగు వెలిసినట్లుంటుంది. అసలు దానికి రెండు వైపులా రంగు ఒకటే, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్లుంటాయి. ఆ చెదురు లోపం కాదు, కట్టి ముంచిన దారం గుర్తు.

సినిమా అయ్యాక డైనింగ్ హాల్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. 9,000 అనే లెక్క దగ్గరే అందరూ ఆగిపోయారు. మా అమ్మలు చాలామంది సాగర్ ఎడమ కాలువ కింది పొలాల్లో నాట్లకు పోతారు. ఒక మడి పూర్తయ్యేసరికి ఎన్నిసార్లు ముంచేయి బురదలోకి దిగుతుంది, ఎంతసేపు నడుము వంచి ఉంటారు అని తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అడిగాడు. ఎవరికీ తెలియదు. సంక్రాంతి సెలవులకు యాసంగి నాట్లు పడే ఊళ్లకు పోయేవాళ్లు గట్టు మీద కూర్చుని లెక్కపెట్టి వస్తామన్నారు.