రెడ్ వైన్ తయారీలో సెల్లార్ ఉష్ణోగ్రత నియంత్రణ

సెల్లార్ అనగానే అపార్ట్‌మెంట్ల కింద వాహనాలు నిలిపే చోటు మీకు గుర్తుకు రావచ్చు. వైన్ తయారీలో మాత్రం ద్రాక్షరసాన్ని పులియబెట్టి, వైన్‌ను నిల్వచేసే గదిని సెల్లార్ అంటారు. దీనిని ఎప్పుడూ చల్లగా ఉంచితే చాలుననుకోవడం సరికాదు. రెడ్ వైన్ తయారీలో దశను బట్టి అనువైన ఉష్ణోగ్రత మారుతుంది. మహారాష్ట్రలోని నాసిక్ ప్రాంతపు చిన్న వైనరీని దృష్టిలో ఉంచుకొని దీనిని పరిశీలిద్దాం.

1. కిణ్వన దశ

వేసవిలో ఇడ్లీ పిండి త్వరగా పులుస్తుందని మీకు తెలుసు. ద్రాక్షరసం విషయంలో మరొక అంశం కూడా ఉంది. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే చర్య ఉష్ణమోచక చర్య. అంటే రసం తనంతట తానే వేడెక్కుతుంది. వేడి బయటకు పోకపోతే, 1 బ్రిక్స్ చక్కెర (100 గ్రాముల రసంలో సుమారు 1 గ్రాము) పులిసినప్పుడు ఉష్ణోగ్రత సుమారు 1.3 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. 24 బ్రిక్స్ రసానికి ఈ పెరుగుదల సుమారు 31 డిగ్రీలు. రసం 20 డిగ్రీల వద్ద ఉంటే లెక్క ప్రకారం 51 డిగ్రీలకు చేరాలి. కాని 35 డిగ్రీలు దాటితేనే ఈస్ట్ బలహీనపడి, చక్కెర మిగిలి ఉండగానే కిణ్వనం ఆగిపోవచ్చు. ఆ చక్కెరపై బాక్టీరియా పెరిగి వైన్ పాడవుతుంది. 20 డిగ్రీలకు తగ్గితే తొక్కల నుంచి రంగు, వగరునిచ్చే టానిన్లు తగినంత దిగవు. అందువల్ల సాధారణంగా 25–30 డిగ్రీలు పాటిస్తారు.

నాసిక్‌లో కోతలు ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు జరుగుతాయి. జనవరి రాత్రులు చల్లనివి. 200 లీటర్ల డ్రమ్ముకు ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ కనుక అది త్వరగా చల్లారుతుంది. 5,000 లీటర్ల ట్యాంకు వేడిని నిలుపుకుంటుంది. ఒకే గదిలో మొదటిదానికి దుప్పటి చుట్టవలసి రావచ్చు, రెండవదానికి చల్లటి నీరు ప్రసరింపజేయవలసి రావచ్చు. కనుక గోడమీది థర్మామీటరును మాత్రమే నమ్మకూడదు. పైకి తేలిన తొక్కల పొర కింది రసం కంటే వేడిగా ఉంటుంది. రెండు చోట్లా కొలిచి, రోజుకు రెండు మూడుసార్లు తొక్కలను కిందికి అదమాలి.

హెచ్చరిక: వెచ్చదనం కోసం తలుపులు మూసివేయకూడదు. లీటరు రసం నుంచి 50 లీటర్లకు పైగా కార్బన్ డైఆక్సైడ్ వెలువడుతుంది. గాలికంటే బరువైన ఈ వాయువు నేల దగ్గర పేరుకొని ప్రాణాపాయం కలిగిస్తుంది. గాలిని బయటకు పంపే ఫ్యాను నేలకు దగ్గరగా ఉండాలి.

2. మాలోలాక్టిక్ దశ

ఈ దశలో బాక్టీరియా ఘాటైన మాలిక్ ఆమ్లాన్ని మృదువైన లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. దీనికి 18–22 డిగ్రీలు అనుకూలం. 15 డిగ్రీలకు తగ్గితే చర్య బాగా మందగిస్తుంది.

3. పరిపక్వ దశ

ఇప్పుడు చల్లదనం అవసరం: 12–16 డిగ్రీలు. నాసిక్‌లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరువవుతుంది. వేడికి పీపాలోని వైన్ త్వరగా ఆక్సీకరణం చెందుతుంది, హానికర సూక్ష్మజీవులు పెరుగుతాయి. హెచ్చుతగ్గులకు వైన్ వ్యాకోచించి, సంకోచించి, గాలిని లోనికి రానిస్తుంది. కనుక గోడలకు, పైకప్పుకు ఉష్ణ నిరోధక పొర వేయడం ముఖ్యం. బయటి గాలి లోపలి గాలికంటే చల్లగా ఉన్న వేళల్లోనే కిటికీలు తెరవాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

22 బ్రిక్స్ రసం 18 డిగ్రీల వద్ద పులవడం ప్రారంభించింది. వేడి బయటకు పోకపోతే, ఎన్ని బ్రిక్స్ పులిసేసరికి ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు చేరుతుంది?