పాత వాకీటాకీ ఛార్జింగ్ నిలవట్లేదా? సెట్ పారేయకండి.. బ్యాటరీ మార్చేటప్పుడు ఈ తప్పు మాత్రం చేయొద్దు!

రాత్రంతా ఛార్జింగ్ పెడతారు. పొద్దున్నే ఆన్ చేస్తే మాటలు బాగానే వినిపిస్తాయి. తీరా మాట్లాడదామని బటన్ నొక్కగానే సెట్ ఆఫ్! పాత వాకీటాకీలు, హ్యామ్ రేడియో సెట్లు ఉన్నవాళ్లకు బాగా తెలిసిన సమస్యే ఇది. చాలాసార్లు పాడయ్యేది రేడియో కాదు, దాని బ్యాటరీ.

సెల్‌ఫోన్ ఉండగా ఈ పాత సెట్ ఎందుకనుకుంటున్నారా? 2004 సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఫోన్లు మూగబోయాయి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అక్కడికి వెళ్లిన భారతి ప్రసాద్ బృందం హ్యామ్ రేడియోతోనే సమాచారం బయటకు చేరవేసింది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకు విశాఖలోనూ కరెంట్, ఫోన్లు దెబ్బతిన్నాయి. అలాంటి రోజున బ్యాటరీ చచ్చిపోయిన సెట్ చేతిలో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

వింటే ఓకే.. మాట్లాడితే ఆఫ్, ఎందుకు?

వినడానికి సెట్‌కు కొద్దిపాటి కరెంట్ చాలు. అదే 5 వాట్ల సెట్‌లో మాట్లాడాలంటే ఒక ఆంపియర్‌కు పైనే కావాలి. వయసైపోయిన సెల్స్ అంత కరెంట్ ఇవ్వలేవు. వోల్టేజ్ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే బ్యాటరీని విడిగా తీసి మీటర్‌తో కొలిచి, 7 వోల్టులు చూపించింది కదా అని నమ్మకండి. లోడ్ పడినప్పుడు ఎంత చూపిస్తుందన్నదే అసలు లెక్క.

ప్యాక్ లోపల ఏముంటుంది?

పాత సెట్లలో చాలావాటికి 7.2 వోల్టుల ప్యాక్ ఉంటుంది. విప్పి చూస్తే 1.2 వోల్టుల నికెల్ కాడ్మియం సెల్స్ ఆరు వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కటి పోయినా మొత్తం ప్యాక్ పడకేస్తుంది. అలాగని ఆ ఒక్కటే మార్చొద్దు. బలహీనమైన పాత సెల్ ముందే ఖాళీ అయిపోయి, మిగతావాటి ఒత్తిడికి పూర్తిగా పాడవుతుంది. మారిస్తే ఆరూ ఒకేసారి, ఒకే కంపెనీవి మార్చాలి.

వాటి స్థానంలో నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వేసుకోవచ్చు. వీటిదీ 1.2 వోల్టులే, కెపాసిటీ ఎక్కువ. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేయొద్దు, వేడికి లోపలి సీల్ దెబ్బతింటుంది. రేకులు వెల్డ్ చేసి ఉన్న సెల్స్ కొనండి. పాత ప్యాక్‌లో సెల్స్ మధ్య చిన్న థర్మల్ ఫ్యూజ్ లాంటిది కనిపిస్తే, కొత్త ప్యాక్‌లోనూ అది ఉండాల్సిందే. ప్లస్, మైనస్‌లు తారుమారు కాకుండా ముందే ఫొటో తీసి పెట్టుకోండి.

ఛార్జర్ సంగతేంటి?

600 ఎంఏహెచ్ పాత ప్యాక్‌కు ఇచ్చిన స్లో ఛార్జర్ సాధారణంగా 60 మిల్లీ ఆంపియర్లతో 14 గంటల్లో నింపుతుంది. అదే ఛార్జర్‌తో 2000 ఎంఏహెచ్ సెల్స్ నిండాలంటే దాదాపు 47 గంటలు పడుతుంది. ఒక్క రాత్రి పెట్టి, కొత్త సెల్స్ కూడా నిలవట్లేదని కంగారు పడొద్దు. పాత ఫాస్ట్ ఛార్జర్ అయితే మాత్రం జాగ్రత్త. సెల్స్ నిండిన సంగతి దానికి తెలియకపోవచ్చు, ప్యాక్ బాగా వేడెక్కుతుంది.

ఇదే అసలు డేంజర్!

3.7 వోల్టుల లిథియం సెల్స్ రెండు కలిపితే 7.4 అవుతుంది, పాత ప్యాక్‌కు సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ పాత ఛార్జర్‌కు లిథియం సెల్‌ను ఎక్కడ ఆపాలో తెలియదు. పరిమితి దాటితే మంటలు రావచ్చు. పెన్సిల్ సెల్ సైజులోనే ఉండే లిథియం సెల్స్ కూడా మార్కెట్లో దొరుకుతాయి. అవి ఆరు వేస్తే 22 వోల్టులు దాటి సెట్ కాలిపోతుంది. కొనేముందు సెల్ మీద 1.2 వోల్ట్ అని ఉందో లేదో చూసుకోండి.

తీసేసిన పాత సెల్స్‌లో విషపూరితమైన కాడ్మియం ఉంటుంది. చెత్తబుట్టలో వేయొద్దు, కాల్చొద్దు. ఈ-వేస్ట్ సేకరించేవాళ్లకు ఇవ్వండి. ఇక హ్యామ్ బ్యాండ్లలో మాట్లాడాలంటే లైసెన్స్ తప్పనిసరి. మరి అటకమీదున్న సెట్‌ను తుపాను వచ్చాక కాదు.. ఇప్పుడే ఒకసారి దించి చూడండి!