కుక్క జాతిని చూసి కాటును తేలిగ్గా తీసుకోకండి

"రాట్‌వీలర్ కాదండీ, మా ఇంటి పొమేరియనే" అంటూ రెండు మూడు రోజులు ఆగి బిడ్డను తీసుకొచ్చేవారున్నారు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పిట్‌బుల్, రాట్‌వీలర్ వంటి 23 జాతుల అమ్మకం ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది. పెద్ద దవడల కుక్క కరిస్తే గాయం లోతుగా పడుతుంది, నిజమే. కానీ ఎప్పుడూ గొలుసుతో కట్టేసి, కొట్టి పెంచిన కుక్క, పిల్లలతో ఉన్న తల్లికుక్క, తింటుండగా కదిలించిన కుక్క ఏ జాతిదైనా కరవవచ్చు.

ఇక రేబిస్‌కు జాతితో పనే లేదు. ఆ లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. అందుకే ఏ కుక్క కరిచినా గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, ఆకుపసరు పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి రండి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. మీ కుక్కకు టీకాలు వేయించి ఉంటే ఆ కార్డు తెండి, కానీ రావడం మానకండి. బొడ్డు చుట్టూ 14 సూదులు వేసే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు నాలుగైదుసార్లు వస్తే చాలు, సూది భుజానికే వేస్తారు. పసిపిల్లలకైతే తొడకు.