టక్కుమన్న చప్పుడే గొంతయింది

1982లో 595 డాలర్ల ధరతో అమెరికాలో అమ్మకానికి వచ్చిన కొమొడోర్ 64 కంప్యూటర్‌లో మనిషి మాటను వినిపించే ఏర్పాటేదీ లేదు. ఉన్నదల్లా బాబ్ యానెస్ రూపొందించిన 6581 చిప్. అందరూ దాన్ని సిడ్ అంటారు. ఏ స్వరం, ఎలాంటి తరంగం కావాలో చెబితే మూడు గొంతులతో పాడుతుంది. రికార్డు చేసిన మాటను చేతికిచ్చి పలకమంటే మాత్రం దానికి తెలియదు.

ఆ విద్య దానికి అబ్బింది ఒక లోపం వల్ల.

సిడ్‌లో 54296 చిరునామా దగ్గర మొత్తం శబ్దాన్ని పెంచి తగ్గించే రిజిస్టర్ ఉంది. అందులో నాలుగు బిట్లు, అంటే 16 మెట్లు. ఏ స్వరమూ మోగనప్పుడు కూడా చిప్ లోపల కొంత స్థిర వోల్టేజీ మిగిలిపోయేది. అందుకని ఆ అంకె మార్చిన ప్రతిసారీ స్పీకర్ ‘టక్’ మనేది. మరి ఆ టక్కుల్నే సెకనుకు వేలసార్లు, ఒక్కోటి ఒక్కో ఎత్తులో వేస్తే? స్పీకర్ పొర ఎప్పుడు ఎంత కదలాలో అంకెలతో చెప్పినట్టే. మాటైనా పాటైనా చెవికి చేరేది ఆ కదలికే కదా!

ఇక మిగిలింది ప్రోగ్రామ్ రాయడం. నాకు ఈ కథలో అన్నిటికన్నా అపురూపంగా తోచే ఘట్టం ఇదే. ప్రాసెసర్ వేగం సెకనుకు సుమారు పది లక్షల సైకిళ్లు. ఆ అంకెల్ని, అంటే శాంపిళ్లను, సెకనుకు 8,000 చొప్పున పంపాలంటే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య చిక్కేవి 120 పైచిలుకు సైకిళ్లే. ఈలోపే మెమరీ నుంచి బైట్ తెచ్చి, రెండు సగాలు చేసి, ఒకదాన్ని ఇప్పుడు, రెండోదాన్ని మరుసటి వంతుకు పంపాలి. లెక్కకు సరిపోతుంది. చిక్కంతా తెర దగ్గర. బొమ్మను గీసే విక్ చిప్ ప్రతి ఎనిమిదో గీతకూ ప్రాసెసర్‌ను సుమారు 40 సైకిళ్లు ఆపేసి మెమరీని తాను వాడుకుంటుంది. శాంపిల్ ఆలస్యమవుతుంది, తాళం తప్పుతుంది, గొంతు గరగరలాడుతుంది. శుభ్రంగా పలికించాలంటే కాసేపు తెరను ఖాళీ చేయడమే సులువైన దారి.

మెమరీ కూడా ఇరుకే. ఈ వేగంతో సెకనుకు 4,000 బైట్లు ఖర్చు. మొత్తం 64 కిలోబైట్లూ ధారపోసినా 16 సెకన్ల మాట. అందుకే ఆటల్లో చిన్న చిన్న పలుకులే ఉండేవి. 1984 నాటి ‘ఇంపాజిబుల్ మిషన్’లో ఒక దుష్ట శాస్త్రవేత్త మాట్లాడతాడు, గోతిలో పడిపోతూ గూఢచారి కేక పెడతాడు. 1987లో మార్టిన్ గాల్వే ‘ఆర్కనాయిడ్’ సంగీతంలో సిడ్ స్వరాల పక్కన శాంపిళ్లనూ మోగించాడు.

తర్వాత 8580 అనే కొత్త సిడ్ వచ్చింది. ఇంజనీర్లు ఆ స్థిర వోల్టేజీని దాదాపు తీసేశారు. సంగీతం తేటపడింది, మాటలు గుసగుసలయ్యాయి. కొత్తగా రాసే ప్రోగ్రాములకు ఉపాయం దొరికింది: మూడు గొంతుల్నీ పూర్తి స్థాయిలో తెరిచి, టెస్ట్ బిట్‌తో కదలకుండా నిలిపితే ఆ వోల్టేజీ తిరిగి పుడుతుంది. పాత ఆటలకు ఈ సంగతి తెలియదుగా! వాటికోసం అభిమానులు సోల్డరింగ్ ఐరన్ పట్టారు. బయటి శబ్దం చిప్ లోపలికి వచ్చే కాలికీ (పిన్‌కీ) గ్రౌండ్‌కీ నడుమ ఒక్క రెసిస్టర్ అతికిస్తే, గోతిలో పడే గూఢచారి కేక మళ్లీ గదంతా మోగుతుంది.