కొయ్యకుండా దాచుకునే గులాబీలు

కుండీలో గులాబీ పూసిందంటే మనకి వెంటనే రెండు ఆలోచనలొస్తాయి. కోసి తల్లో పెట్టుకుందామా, దేవుడి పటానికి పెడదామా అని. మూడో దారి కూడా ఒకటుంది. చెట్టునే ఉంచి ఫొటో తీసుకోవడం! తల్లో పెట్టుకున్న పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది. చెట్టున వదిలేసినా మన ఎండలకి నాలుగైదు రోజుల్లో రేకులు రాలిపోతాయి. ఫొటోలో పువ్వు మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది.

నాకీ సరదా పట్టుకుని పన్నెండేళ్ళు దాటింది. మాది రాజమండ్రి. మొక్కలకి పేరుపడ్డ కడియం పక్కనే ఉంది కాబట్టి మా వీధిలో ఇంటికి నాలుగు గులాబీ కుండీలైనా ఉండేవి. మా డాబా మీద ఇరవై దాకా ఉన్నాయి. పెద్ద కెమెరా ఏమీ లేదు, చేతిలో ఉండే సెల్‌ఫోనే. పొద్దున్న వంటకి ముందు ఓ అరగంట దొరికితే చాలు. "రోజూ చూసే పువ్వుకి రోజూ ఫొటో ఏమిటోయ్!" అని మావారు వేళాకోళం చేసేవారు. ఇప్పుడు ఇంటికి చుట్టాలొస్తే ఆల్బం తెచ్చి చూపించేది ఆయనే.

వేళ చూసుకోవాలి

మన ప్రాంతంలో గులాబీకి అసలైన అందం చలికాలంలోనే. అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే ఆరేడు వారాలకి పూత మొదలవుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పువ్వు పెద్దగా, రంగు నిండుగా ఉంటుంది. అదే మొక్క ఎండాకాలంలో చిన్న పువ్వులు, తక్కువ రేకులతో, రంగు వెలిసినట్టు పూస్తుంది. కాబట్టి మీ మొక్క అసలు రూపాన్ని ఫొటో తియ్యాలంటే చలికాలం కోసం ఆగండి.

రోజులో మంచి వేళ ఉదయం, ఎండ చురుక్కుమనక ముందు. మబ్బు పట్టిన రోజైతే ఇంకా మంచిది. వెలుగు అన్ని వైపుల నుంచీ మెత్తగా పడుతుంది. మిట్టమధ్యాహ్నం రేకుల మధ్య నీడలు నల్లగా పడిపోతాయి. తప్పనిసరై ఎండలో తియ్యాల్సొస్తే, పాత తెల్ల వాయిల్ చీరనో పంచెనో పువ్వుకి పైన అడ్డంగా పట్టుకోమని పిల్లలకి చెప్పండి. నీడ పడిన వైపు ఒక తెల్ల థర్మోకోల్ ముక్క పెడితే ఆ వెలుగు తిరిగి పువ్వు మీద పడుతుంది. స్టూడియోల్లో గొడుగులు, దీపాలు చేసే పని ఇదే. మనకి పైసా ఖర్చుండదు.

ఎరుపుతో పేచీ, తెలుపుతో పేచీ

ఎర్ర గులాబీని తీస్తే రేకులన్నీ కలిసిపోయి కుంకుమ ముద్దలా వచ్చిందని చాలామంది అంటుంటారు. దానికి కారణం ఉంది. డిజిటల్ కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని వేరువేరుగా కొలుస్తుంది. ఎర్ర పువ్వు దగ్గర ఎరుపు పాలు నిండిపోతుంది. చెంబు నిండాక ఎంత పోసినా పొర్లిపోయినట్టే, ఇక మడతకీ మడతకీ తేడా చూపించే చోటు ఉండదు. ఉపాయం తేలిక. ఫోను తెరమీద పువ్వుని వేలితో తాకితే చాలా ఫోన్లలో పక్కనే సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కొంచెం కిందికి జరపండి. ఫొటో కాస్త చీకటిగా అనిపించినా మడతలన్నీ తేలతాయి. తర్వాత తీరిగ్గా వెలుగు పెంచుకోవచ్చు.

తెల్ల గులాబీది ఇంకో తంటా. తెర నిండా పువ్వే ఉంటే కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, తెలుపు కాస్తా బూడిద రంగుకి తిరుగుతుంది. అప్పుడు ఆ గుర్తుని పైకి జరపాలి. అదే పువ్వు చిన్నగా, చుట్టూ ముదురాకులు ఎక్కువగా ఉంటే, చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది. అప్పుడు కిందికి జరపాలి. నాలుగు రోజులు చేస్తే చేతికి అలవాటైపోతుంది.

ఇంకొన్ని చిట్కాలు. మరీ దగ్గరికి వెళితే ఫోనుకి చూపు ఆనక పువ్వు మసకబారుతుంది. జానెడు వెనక్కి జరిగి, రెండింతలు దగ్గరగా చూపే మీట నొక్కండి. గాలికి ఊగే కొమ్మని పక్కన పుల్ల గుచ్చి దారంతో కట్టండి. వెనకాల దండెం మీద బట్టలు కనిపిస్తుంటే ఓ నల్ల అట్ట నిలబెట్టండి. పోటీలకి పెట్టే హైబ్రిడ్ టీ గులాబీలకి సగం నుంచి ముప్పాతిక వంతు విచ్చిన దశే అందమైనదంటారు. ఫొటోకీ అదే వర్తిస్తుంది.

ఒకే పువ్వుని ఒకే చోట నిలబడి రోజుకొకటి చొప్పున అయిదు రోజులు తీసి చూడండి. డబుల్ డిలైట్ అనే రకం ఉంటే మరీ బాగుంటుంది. లేత మీగడ రంగులో విచ్చుకుని, ఎండ తగిలేకొద్దీ అంచుల నుంచి ఎరుపు పాకుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితేనే ఆ ఎరుపు తేలుతుంది. అయిదు ఫొటోలూ వరసగా పేరిస్తే అయిదు రకాల పువ్వులా అనిపిస్తుంది.

ముస్తాబుకే కాదు, ఆనవాలుకి కూడా

అందమైన పువ్వు ఒక్కటే తీసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. మొక్కకో జాతకం తయారుచెయ్యాలంటే మొగ్గ, సగం విచ్చిన పువ్వు, పూర్తిగా విచ్చాక మధ్యలో కేసరాలు, రేకు వెనకవైపు, ఒక రెమ్మకి ఆకులు అయిదా ఏడా, ముల్లు ఆకారం, కాయ కాస్తే కాయ, చివరికి మొత్తం మొక్క అన్నీ తియ్యాలి. పక్కన ఓ స్కేలు పెడితే కొలత తెలుస్తుంది. మొగ్గని పట్టుకుని ఉండే అయిదు పచ్చటి రక్షకపత్రాల్ని దగ్గరగా తీసి చూడండి. చాలా గులాబీల్లో రెండింటికి రెండు వైపులా గడ్డంలాంటి అంచులుంటాయి, రెండింటికి అసలుండవు, మిగిలినదానికి ఒక్క వైపే ఉంటుంది. ఇన్నేళ్ళు పెంచినవాళ్ళు కూడా ఇది చూసి ఆశ్చర్యపోతారు. వాసన మాత్రం ఫొటోకి అందదు. దాన్ని వెనకాల రాసుకోవలసిందే.

"మా గులాబీ రంగు మారిపోయింది" అనే మాట వింటుంటాం కదా! రంగు మారడం కాదది. మనం కొనే మొక్కల్లో చాలావరకు అంటుమొక్కలే. అంటు కింద నుంచి నాటు గులాబీ చిగురు వేసి, పైనున్న మంచి రకాన్ని మింగేస్తుంది. ఏటేటా తీసిన ఫొటోలుంటే ఆకులో తేడా ఇట్టే దొరుకుతుంది. అంటుకి కింద వచ్చే చిగుళ్ళని వెంటనే తీసేస్తే మొక్క దక్కుతుంది. అలాగే పేనుబంక, తామరపురుగులు, నల్లమచ్చ తెగులు ఆకు అడుగున మొదలైనా, పైన మొదలైనా దగ్గరి ఫొటోలో ముందే తెలుస్తాయి. అదే ఫొటో నర్సరీవాళ్ళకి చూపించి మందు అడగొచ్చు.

పిన్నిగారి గులాబీ

మా పక్కింటి పిన్నిగారిది పాత పెంకుటిల్లు. గుమ్మం పక్కన నలభై ఏళ్ళ గులాబీ చెట్టు ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో బాబాయిగారు తెచ్చి నాటారట. పేరు ఎవరికీ తెలియదు. రేకు పైన ముదురు గులాబి, వెనకాల వెండి పూసినట్టు తెల్లన. 2021లో ఆ స్థలం అపార్టుమెంటుకి ఇచ్చేశారు. కొడుకులు చెప్పినదానికి ఆవిడ ఎదురుచెప్పలేదు. నాతో మాత్రం, "ఇల్లంటే సరే అమ్మాయ్, ఈ చెట్టుని ఎక్కడికి తీసుకెళ్ళను?" అన్నారు.

అంత పాత చెట్టుని పెకలించి వేరే చోట నాటితే బతకడం కష్టం. ఆ చలికాలం అంతా మొగ్గ నుంచి రాలిన రేకు దాకా ఫొటోలు తీశాను. జనవరిలో పెన్సిలు మందం కొమ్మలు పది కోసి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చాం. చెట్టు మొదట్లో రెండు రకాల కొమ్మలున్నాయి. ఏది అసలుదో, ఏది అడుగు నుంచి వచ్చిన నాటుదో ఆకుల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే కత్తిరించాం. పదింట్లో రెండే వేళ్ళు పోసుకున్నాయి. ఏప్రిల్లో ఇల్లు పడగొట్టారు.

ఆ డిసెంబరులో కొడుకు ఇంట్లో, నాలుగో అంతస్తు బాల్కనీలో తొలి పువ్వు పూసింది. చిన్నగా ఉందని పిన్నిగారికి అనుమానం. పాత ఫొటో పక్కన పెట్టి, రేకు తిప్పి వెనకాల చూశారు. వెండి రంగు ఉంది! ఆవిడ ఏమీ మాట్లాడలేదు. ఆ ఫొటో ఒకటి పెద్దది చేయించి ఇమ్మన్నారు, అంతే. కడియంలో ఇద్దరు నర్సరీవాళ్ళకి చూపిస్తే ఇద్దరూ రెండు పేర్లు చెప్పారు. అందుకే ఆల్బంలో 'పిన్నిగారి గులాబీ' అనే రాసుకున్నాను.

పెద్దలు చేసిన పని

బొమ్మగా దాచడం కొత్త విషయం కాదు. నెపోలియన్ భార్య జోసెఫిన్ తన తోటలో ఎన్నో రకాల గులాబీలు పెంచింది. ఆమె ఆదరణ పొందిన చిత్రకారుడు రెడూటే గీసిన గులాబీ బొమ్మలు 1817 నుంచి 1824 వరకు పుస్తకాలుగా వచ్చాయి. ఆనాటి గులాబీలు ఎలా ఉండేవో ఈనాడు మనకి ఆ బొమ్మల వల్ల కూడా తెలుస్తుంది. ఫొటోలతో మొట్టమొదట పుస్తకం చేసింది కూడా ఒక మహిళే. ఇంగ్లండుకి చెందిన ఆనా అట్కిన్స్ 1843లో నాచు మొక్కల ముద్రల్ని నీలిరంగు కాగితాల మీద తీసి పుస్తకంగా కూర్చింది.

మన దేశంలో గోధుమ పరిశోధనకి పేరుపొందిన డాక్టర్ బి.పి. పాల్ వందకి పైగా గులాబీ రకాలు తయారుచేశారు. అణు శాస్త్రవేత్త హోమీ భాభా పేరు పెట్టిన తెల్ల గులాబీ ఆయనదే. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐ.ఎ.ఎస్. అధికారి ఎం.ఎస్. వీరరాఘవన్ ముందుగానే ఉద్యోగ విరమణ చేసి, భార్య గిరిజతో కలిసి కొడైకెనాల్‌లో వేడిని తట్టుకునే గులాబీల కోసం కృషి చేశారు. వాళ్ళు ఒక గులాబీకి వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకీ అమ్మాళ్ పేరు పెట్టారు. ఇలాంటి మన దేశపు రకాలు అన్ని నర్సరీల్లోనూ దొరకవు. మీ అమ్మగారింట్లోనో అత్తగారింట్లోనో పేరు తెలియకుండా పూస్తున్నది వాటిలో ఒకటి కావచ్చు!

ఫొటోలన్నీ ఫోనులోనే వదిలెయ్యకండి. ఫోను పాడైతే అన్నీ పోతాయి. కంప్యూటర్లో ఒకటి, విడిగా మరో చోట ఒకటి దాచండి. బాగున్నవి కాగితం మీద వేయించి వెనకాల తేదీ, మొక్క ఎక్కడిది, ఎవరు నాటారు, వాసన ఎలా ఉంది రాయండి. ఎండ తగిలే గోడకి పెట్టకండి, రంగు వెలుస్తుంది. ఇతరుల తోటలో తియ్యాలంటే ముందు అడగండి. అడిగితే కాదనేవాళ్ళు తక్కువే, పైగా కాఫీ కూడా ఇస్తారు!

ఈ చలికాలం మీ పెరట్లోనో, పుట్టింటి గుమ్మంలోనో ఉన్న పాత గులాబీతో మొదలుపెట్టండి. నాటినవాళ్ళు పక్కనే ఉంటే, వాళ్ళని కూడా చెట్టు పక్కన నిలబెట్టి ఒకటి తియ్యండి.