షుగర్ ఫ్రీ ప్రొటీన్ బార్: పంచదార సున్నా సరే.. మరి ఆ 24 గ్రాముల కార్బ్స్ సంగతేంటి?

మెడికల్ షాపు కౌంటర్ మీద, సూపర్ మార్కెట్ బిల్లింగ్ దగ్గర, జిమ్ రిసెప్షన్‌లో.. ఇప్పుడు ఎక్కడ చూసినా ప్రొటీన్ బార్లే. మన దగ్గర షుగర్ అంటే పంచదార ఒక్కటే కాదు, జబ్బు పేరు కూడా అదే. అందుకే రేపర్ మీద 'షుగర్ ఫ్రీ' కనిపించగానే 'షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చు' అని చదివేసుకుంటాం. నాన్నకో, అమ్మమ్మకో కొనిచ్చేస్తాం. లేబుల్ మీద ఆ మాటకు ఉన్న అర్థం మాత్రం వేరు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో డయాబెటిస్ ఉన్నవాళ్లు 10 కోట్ల మందికి పైనే. అంటే ఈ లేబుల్ గొడవ జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లది మాత్రమే కాదు.

రూల్ ఏం చెబుతోంది?

ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం 100 గ్రాముల ఘన పదార్థంలో షుగర్స్ 0.5 గ్రాములు మించకపోతే 'షుగర్ ఫ్రీ' అని రాసుకోవచ్చు. ఆ మాట వాడటానికి మొత్తం కార్బోహైడ్రేట్లు ఇంతకు మించకూడదన్న లెక్కేమీ లేదు. షుగర్స్ అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్, పంచదార, పాలలోని లాక్టోజ్ లాంటివి. మాల్టిటాల్ అనే తీపి పదార్థం ఆ జాబితాలోకి రాదు. అది షుగర్ ఆల్కహాల్, అంటే పాలియోల్. పేరులో ఆల్కహాల్ ఉన్నా మత్తుకీ దానికీ సంబంధం లేదు. కానీ అదీ కార్బోహైడ్రేటే. కాబట్టి 'షుగర్స్ 0, కార్బోహైడ్రేట్లు 24 గ్రాములు' అని పక్కపక్కనే ఉన్నా లేబుల్ అబద్ధం చెప్పినట్టు కాదు.

అసలు మాల్టిటాల్ ఎందుకు వేస్తారు? సుక్రలోజ్ చిటికెడు వేస్తే తీపి వస్తుంది, కానీ బార్‌కి బరువు రాదు, మెత్తదనం రాదు. పంచదార చేసే ఆ పనిని మాల్టిటాల్, గ్లిజరిన్ చేస్తాయి.

'నెట్ కార్బ్స్' లెక్క ఇదీ

ఒక ఉదాహరణ చూద్దాం. 60 గ్రాముల బార్. ప్రొటీన్ 20 గ్రాములు, కొవ్వు 8, కార్బోహైడ్రేట్లు 24. ఆ 24లో ఫైబర్ 5, మాల్టిటాల్ 15. కంపెనీ 24లోంచి 5, 15 రెండూ తీసేసి ముందువైపు 'నెట్ కార్బ్స్ 4 గ్రాములు' అని వేస్తుంది. అంటే ఒక టీస్పూన్ పంచదారంత. వినడానికి బాగానే ఉంది.

చిక్కేంటంటే మాల్టిటాల్ పూర్తిగా వదిలేయదగ్గ పదార్థం కాదు. దాని గ్లైసెమిక్ ఇండెక్స్ సుమారు 35, సిరప్ రూపంలో అయితే 50 దాటుతుంది. పంచదారది 65 దగ్గర. నెమ్మదిగానే అయినా రక్తంలో గ్లూకోజ్ పెంచుతుంది. అదే ఎరిత్రిటాల్ అయితే దాదాపు సున్నా. రెండూ పాలియోల్సే, కానీ ఒకే గాటన కట్టేయకూడదు. అమెరికాలో డయాబెటిస్ ఎడ్యుకేటర్లు చెప్పే పద్ధతి ప్రకారం పాలియోల్స్ 5 గ్రాములు దాటితే అందులో సగమే తీసేయాలి. అలా చూస్తే మన బార్ లెక్క 4 కాదు, 11.5 గ్రాములు. దాదాపు మూడు స్పూన్లు. కార్బ్స్ లెక్కేసుకుని ఇన్సులిన్ తీసుకునే టైప్-1 పిల్లలకు ఈ తేడా చిన్నది కాదు. ఏ బార్‌కి ఎంత డోసు అన్నది డాక్టర్‌తో తేల్చుకోవాల్సిందే.

కేలరీలు కూడా గుట్టు విప్పుతాయి. పాలియోల్స్‌కి గ్రాముకు 2.4 కేలరీలు లెక్క, ఎరిత్రిటాల్‌కి మాత్రం సున్నా. అంటే 'తీసేసిన' ఆ 15 గ్రాముల మాల్టిటాల్ నుంచే 36 కేలరీలు వస్తున్నాయి. ముందువైపు మాయమైన పదార్థం వెనకవైపు కేలరీల్లో కూర్చునే ఉంటుంది!

ఈ 'నెట్ కార్బ్స్' అన్న మాటకు అమెరికా ఎఫ్‌డీఏ నిబంధనల్లోనే నిర్వచనం లేదు. 2000వ దశకం మొదట్లో లో-కార్బ్ బార్ల జోరులో కొన్ని కంపెనీలు గ్లిజరిన్‌ని కార్బ్స్‌లో చూపించకుండా వదిలేస్తే, అలా కుదరదని ఎఫ్‌డీఏ చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఫైబర్ వంతు. ఐఎంఓ అనే తియ్యటి సిరప్‌ని బార్లలో ఫైబర్‌గా చూపించేవారు. అందులో కొంత భాగం అరిగి గ్లూకోజ్‌గా మారుతుంది. 2016లో ఫైబర్‌కి కొత్త నిర్వచనం తెచ్చిన ఎఫ్‌డీఏ, 2018లో అదనంగా ఒప్పుకున్న ఫైబర్ల జాబితాలో ఇనులిన్, పాలీడెక్స్‌ట్రోజ్‌లకు చోటిచ్చింది కానీ ఐఎంఓకి ఇవ్వలేదు.

సూట్‌కేసులో వచ్చిన బార్ అయితే..

డాలస్ నుంచి అన్నయ్య తెచ్చిన బార్‌కీ, లండన్ నుంచి పిన్ని తెచ్చిన బార్‌కీ లెక్క ఒకటి కాదు. అమెరికా లేబుల్‌లో మొత్తం కార్బోహైడ్రేట్లలోనే ఫైబర్ కలిసి ఉంటుంది. బ్రిటన్, యూరప్ లేబుళ్లలో ఫైబర్‌ని ముందే పక్కన పెట్టి విడిగా చూపిస్తారు. మన ఉదాహరణలోని బార్‌నే లండన్‌లో అమ్మితే 24 బదులు 19 అని ఉంటుంది. అందులోంచి మళ్లీ ఫైబర్ తీసేస్తే ఒకే 5 గ్రాములను రెండుసార్లు కొట్టేసినట్టే. ఇక మన దేశంలో కార్బోహైడ్రేట్లు, మొత్తం షుగర్స్, యాడెడ్ షుగర్స్ లేబుల్‌పై తప్పనిసరి. ఫైబర్ ఆ తప్పనిసరి జాబితాలో లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, 2024 మే నెలలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఈ సంగతి ప్రస్తావించింది. షుగర్ ఫ్రీ పదార్థాల్లో కొవ్వులు, మైదా లాంటి పిండి పదార్థాలు, మాల్టిటాల్ లాంటి కంటికి కనిపించని తీపి ఉండొచ్చని హెచ్చరించింది.

కనిపించని తీపిని పట్టుకోవాలంటే పోషకాల పట్టిక కంటే పదార్థాల జాబితాయే మేలు. బరువులో ఎక్కువున్నది అందులో ముందు వస్తుంది. పేరుకు బదులు నంబర్ ఉంటే 965 అంటే మాల్టిటాల్, 968 ఎరిత్రిటాల్, 420 సార్బిటాల్, 422 గ్లిజరిన్. రేపర్ మూల చిన్న అక్షరాల్లో 'పాలియోల్స్ వల్ల విరేచనాలు కావచ్చు' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం కూడా వెతకండి. పాలియోల్స్ 10 శాతం, ఆపైన ఉంటే అది వేయాల్సిందే. మన ఉదాహరణలోని బార్‌లో అవి 25 శాతం.