కోరం, చేయెత్తడం, మన వీధి కాలవ

2025 ఫిబ్రవరి 3వ తేదీన మన విశ్వవిద్యాలయం సెనేట్ హాలులో తిరుపతి నగరపాలక సంస్థ డిప్యూటీ మేయర్ ఎన్నిక జరగవలసి ఉండింది. జరగలేదు. సభ్యులు వస్తున్న బస్సు దగ్గర గలాటా అయింది. హాలులో సగం మంది కూడా లేకపోవడంతో అధికారి "కోరం లేదు, రేపటికి వాయిదా" అన్నారు. మరునాడు సభ జరిగింది. తెలుగుదేశం అభ్యర్థి ఆర్.సి. మునికృష్ణకు 26 ఓట్లు, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థికి 21 ఓట్లు వచ్చాయి.

2021 మార్చిలో 49 డివిజన్ల ఫలితాలు వెలువడినప్పుడు 48 వైఎస్సార్ కాంగ్రెస్‌వి, ఒక్కటే తెలుగుదేశానిది. నాలుగేళ్ళలో అంకె ఎలా తారుమారైందన్నది రాజకీయం. దాన్ని టీ కొట్టు దగ్గర ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. ఈ వ్యాసం సంగతి వేరు. అసలు కోరం అంటే ఏమి? ఎవరు, ఎప్పుడు, ఎట్లా ఓటేస్తారు? దాంతో మన వీధికి ఏమి సంబంధం?

మన విద్యార్థి సంఘం సర్వసభ్య సమావేశానికి పదిమందే వచ్చి, ఆ పదిమందే అందరి తరఫున తీర్మానం చేస్తే ఒప్పుకుంటామా? ఒప్పుకోము. కనీసం ఇంతమంది ఉంటేనే సభ, లేకుంటే అది కబుర్లు చెప్పుకునే చోటు మాత్రమే అని గీసిన గీతే కోరం. ఆ గీత అన్ని సభలకూ ఒకటి కాదు. లోక్‌సభకు రాజ్యాంగం పదో వంతు చాలునంది. అంటే 543 మందిలో 55 మంది ఉంటే సభ నడుస్తుంది. మేయర్, డిప్యూటీ మేయర్ ఎన్నికకు మాత్రం ఓటున్న సభ్యుల్లో సగం మంది కావాలి. ఊరి పెద్దను ఎన్నుకునే పని కాబట్టి అక్కడ గీత పైకి జరిగింది.

ఇక ఓటు. నగరపాలక సభలో మూడు రకాల లెక్కలున్నాయి. ఇవి కలగాపులగం కావడం వల్లనే పత్రికలో వార్త చదివినా చాలామందికి విషయం బోధపడదు.

మొదటిది మేయర్, డిప్యూటీ మేయర్ల ఎన్నిక. ఇది చేతులెత్తే పద్ధతి. ఎవరు ఎటు ఎత్తారో అందరికీ కనిపిస్తుంది. కార్పొరేటర్లతో పాటు ఎమ్మెల్యే, ఎంపీ వంటి ఎక్స్-అఫీషియో సభ్యులకూ ఇందులో ఓటుంది. గుర్తింపు పొందిన పార్టీలు విప్ జారీ చేయవచ్చు. విప్‌ను కాదని చేయెత్తినవారి ఓటు చెల్లుతుంది గానీ, వారి పదవి పోయే ప్రమాదం ఉంది. ఓట్లు సమానమైతే చీటీ తీస్తారు.

రెండవది స్టాండింగ్ కమిటీ ఎన్నిక. సభ అంతా కూర్చుని ప్రతి పద్దూ చూడలేదు కాబట్టి, కార్పొరేటర్లు తమలో కొందరిని ఏటేటా ఈ చిన్న కమిటీకి పంపుతారు. ఇక్కడ ఓటు రహస్యం. బ్యాలెట్ పెట్టెలో పడిన కాగితానికి పేరుండదు కాబట్టి విప్ భయం పనిచేయదు. 2024 ఆగస్టులో విశాఖపట్నంలో ఏమైందో చూడండి. 2021లో అక్కడ మెజారిటీ వైఎస్సార్ కాంగ్రెస్‌ది. అయినా స్టాండింగ్ కమిటీలోని పది స్థానాలూ తెలుగుదేశం కూటమికే దక్కాయి.

మూడవది అవిశ్వాసం. సభ్యుల్లో సగం మంది సంతకాలతో కలెక్టరుకు నోటీసు ఇవ్వాలి. మేయర్‌ను దించాలంటే మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది కావాలి. హాజరైనవారిలో కాదు, మొత్తంలో. 2025 ఏప్రిల్ 19న విశాఖలో మేయర్‌పై అవిశ్వాసం వచ్చింది. 97 మంది కార్పొరేటర్లు, 14 మంది ఎక్స్-అఫీషియోలు, వెరసి 111. అందులో మూడింట రెండు వంతులు 74. పడిన ఓట్లు సరిగ్గా 74! ఆ రోజు ఒక్కరు ఇంట్లో కూర్చున్నా తీర్మానం వీగిపోయేది. రాకపోవడం కూడా ఒక ఓటేనని ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

"ఇదంతా పెద్దోళ్ళ ఆట, మాకెందుకప్పా?" అంటారేమో. ఒక ఉదాహరణ తీసుకుందాం. కొర్లగుంటలో ఒక వీధి కాలవ పూడిపోయిందనుకోండి. మీరు కార్పొరేటరుకు చెబుతారు. ఇంజనీరింగు వారు చూసి అంచనా వేస్తారు. ఖర్చు చిన్నదైతే కమిషనరే మంజూరు చేయవచ్చు. కొంచెం పెద్దదైతే స్టాండింగ్ కమిటీకి, ఇంకా పెద్దదైతే సర్వసభ్య సభ అజెండాకు పోవాలి. ఆ తరువాత టెండరు, ఆ తరువాత పని. ఇందులో ఎక్కడ కోరం లేక సభ వాయిదా పడినా, మీ కాలవ కూడా వాయిదా పడినట్లే. వాన మాత్రం వాయిదా పడదు.

అంతకన్నా పెద్ద వాయిదా ఒకటి మన ఊరు చూసింది. 1886లో మునిసిపాలిటీ అయిన తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది. కార్పొరేషన్‌కు తొలి ఎన్నిక జరిగింది మాత్రం 2021లో! పాలకవర్గం గడువు అయిదేళ్ళు, అది తీరేలోగా ఎన్నిక జరగాలి అని 1993 నుంచీ రాజ్యాంగంలో రాసి ఉంది. అయినా 14 ఏళ్ళపాటు కోరం ప్రశ్నే రాలేదు. ఎందుకంటే కూర్చునే సభ్యులే లేరు. అధికారులు మంచివారైనా, వారిని "ఈ పద్దు ఎందుకు?" అని సభలో నిలబడి అడిగేవారు లేరు.

సభ్యులుంటే చాలదు, వారు భయం లేకుండా రాగలగాలి. చిత్తూరు నగరపాలక కార్యాలయంలోనే 2015 నవంబరు 17న మేయర్ కటారి అనురాధను హత్య చేశారు. ఆ రోజును గుర్తుంచుకున్నవారు బస్సు దగ్గర గలాటాను మామూలు గలాటాగా తీసుకోలేరు. సభ్యుణ్ణి దారిలో ఆపితే ఆగేది ఒక్క మనిషి కాదు, అతన్ని పంపిన డివిజను మొత్తం.

మరి పౌరుడికి ఏముంది? మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న ఊళ్ళలో వార్డు కమిటీలు తప్పనిసరి అని రాజ్యాంగం అంటుంది. 2011 లెక్కల్లో తిరుపతి ఆ అంకెకు కొంచెం ఇవతలే నిలిచింది; చిత్తూరు ఇంకా చిన్నది. అయితే చేతిలో ఏమీ లేదనుకోనక్కరలేదు. సభ అజెండా, హాజరు పట్టీ, తీర్మానాల నకలు కావాలని 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో మొదట చూడవలసింది ఉపన్యాసాలను కాదు. మన కార్పొరేటరు ఎన్ని సభలకు వచ్చారు? మన డివిజను పద్దు వచ్చిన రోజున ఉన్నారా, లేరా?

ఎన్నికలప్పుడు ఓటడగడానికి గడప దాకా వచ్చినవారిని, ఆ తరువాత సభ గడప ఎన్నిసార్లు తొక్కారని అడగడంలో తప్పేమీ లేదు. రాజనీతి శాస్త్రం చదివేవారే అడగాలనీ లేదు. కాలవ పక్కన కాపురముండే ప్రతివారికీ ఆ ప్రశ్న అడిగే అర్హత ఉంది. మనం అడిగిన నాడు కోరం దానంతటదే నిండుతుంది.